దేవతల మెట్టినిల్లు

జపాన్‌లోని క్యోటో నగరంలో సంజూసంగెందో అనే ప్రాచీన బౌద్ధాలయం ఉంది. పాదరక్షలు విడిచి ఆ దీర్ఘమండపంలో అడుగుపెట్టిన భారతీయ యాత్రికునికి మొదట కలిగేది విస్మయం. మరుక్షణంలో కలిగేది చుట్టరికం. బారులు తీరిన అవలోకితేశ్వర మూర్తుల ముందు వరుసలో ఇంద్రుడు, బ్రహ్మ, మహేశ్వరుడు, గరుడుడు, గంధర్వుడు, కిన్నరుడు నిలిచి ఉంటారు. జపనీయుల నోట ఇంద్రుడు తైషాకుతెన్, బ్రహ్మ బొంతెన్, గరుడుడు కరురా. ఆ పేర్ల వెనుక ఉన్న సంస్కృత నామాలు తెలియగానే హిందూ యాత్రికుని నోట అప్రయత్నంగా వెలువడే మాట ఒకటే: "వీళ్ళంతా మనవాళ్ళే!"

ఆ మాటలోని ఆనందం నిర్దోషమైనది. అయితే అది అక్కడితో ఆగదు. ఆలయం వెలుపలికి వచ్చేసరికి "వీళ్ళంతా మనవాళ్ళే" అన్నది "ఇదంతా మనదే"గా పరిణమిస్తుంది. మొదటిది ప్రత్యభిజ్ఞ, రెండవది మమకారం. ఈ రెండింటి నడుమ ఉన్న అంతరాన్ని గ్రహించడమే పరదేశంలో బౌద్ధక్షేత్రాన్ని దర్శించే హిందువుకు ప్రథమ కర్తవ్యం.

ముందుగా ఆ ఆలయం స్వయంగా ఏమి చెబుతున్నదో వినాలి. 1164లో వెలసిన ఆ ఆలయం 1249లో అగ్నికి ఆహుతి అయింది. 1266లో పునర్నిర్మితమైన దారుమండపమే నేటికీ నిలిచి ఉన్నది. దాని పొడవు సుమారు 120 మీటర్లు. స్తంభాల నడుమ అంకణాలు 33. సంజూసంగెందో అనే పేరుకు అదే మూలం. అవలోకితేశ్వరుడు జీవుల రక్షణకై 33 రూపాలు ధరిస్తాడన్న విశ్వాసానికి ఆ సంఖ్య సంకేతం. మధ్యన కొలువైన మూలమూర్తిని తంకెయి అనే శిల్పాచార్యుడు ఎనభై ఏళ్ళు పైబడిన వయస్సులో 1254లో పూర్తిచేశాడు. దానికి ఇరువైపులా వేయి విగ్రహాలు నిలిచి ఉన్నాయి. వాటిలో 124 విగ్రహాలు అగ్నిప్రమాదం నుండి కాపాడబడినవి. ప్రతి మూర్తికీ జోడించిన రెండు చేతులు కాక మరి నలభై చేతులు. ఒక్కొక్క చేయి ఇరవై అయిదు లోకాలను ఉద్ధరిస్తుందని భావన. ఆ విధంగా అవి సహస్రహస్తాలవుతాయి. ఆ మండపానికి ప్రాణం కరుణ. ఇంద్రాది దేవతలు అక్కడ ఆ కరుణామూర్తికి పరివారం.

వారి పదవులు కూడా మారిపోయాయి. నారాయణ నామం ధరించిన మూర్తి అక్కడ శేషశాయి కాడు, లక్ష్మీపతి కాడు. కండలు తిరిగిన దేహంతో కావలి కాసే వీరుడు. గరుడుడు ముక్కు, రెక్కలతో సహా వచ్చాడు కానీ చేతిలో వేణువు పట్టుకున్నాడు. పేరు ప్రయాణం చేసింది. పేరుతోపాటు అర్థమంతా ప్రయాణం చేయలేదు. మధ్య ఆసియా, చైనాల మీదుగా శతాబ్దాలపాటు నడిచి వెళ్ళిన ఆ దేవతలు ఆ నేలకు అలవాటుపడి, ఆ జనుల ప్రార్థనలు విని, ఆ ఇంటివారైపోయారు.

మెట్టినింట ఉన్న కూతురిని చూడవచ్చిన తండ్రి "నా బిడ్డ ఉన్నది కనుక ఈ ఇల్లు నాది" అనడు. బిడ్డ సుఖంగా ఉన్నదా అని చూస్తాడు, వియ్యాలవారి ఆచారాన్ని మన్నిస్తాడు, పెట్టినది తిని సంతోషంగా తిరిగి వస్తాడు. ఆ మర్యాద తెలిసిన జాతికి సంజూసంగెందోలో ఎలా మెలగాలో వేరే చెప్పవలసిన పని లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. బుద్ధుడు దశావతారాలలో ఒకడు కదా, రెండు మతాల సారం ఒక్కటే కదా, ఇక భేదచింత ఎందుకని. వినడానికి ఇది ఔదార్యంగా తోస్తుంది. కానీ సనాతన దర్శన సంప్రదాయం నేర్పిన ఔదార్యం ఇది కాదు. బ్రహ్మసూత్ర భాష్యం ద్వితీయాధ్యాయంలోని ద్వితీయపాదంలో శంకర భగవత్పాదులు బౌద్ధుల సర్వాస్తివాదాన్ని, విజ్ఞానవాదాన్ని విడివిడిగా పరిశీలించి ఖండించారు. నిత్యమైన ఆత్మ ఉన్నదనేది వేదాంతం; అట్టి ఆత్మ లేదనేది బౌద్ధం. ఈ వివాదం అల్పమైనది కాదు. ప్రతిపక్షాన్ని పూర్వపక్షంగా నిలిపి, దాని యుక్తులను విని, ఆ తరువాతనే సమాధానం చెప్పడం భారతీయ వాదధర్మం. అంతా ఒక్కటేననేవాడు ఎదుటివాని మాట వినే శ్రమను తప్పించుకుంటున్నాడు. విభేదించడానికైనా ముందు వినాలి. వినడంలోనే గౌరవం ఉన్నది.

అయితే నిజమైన బంధుత్వం లేదా? ఉన్నది. ఆ పరివారంలో ఎముకలు తేలిన వృద్ధతపస్వి ఒకడున్నాడు; పేరు బసు, అనగా వసువు. మహాభారతం శాంతిపర్వంలోని ఉపరిచర వసువు కథ తెలిసినవారికి ఆ మూర్తి ఎదుట కాలు కదలదు. యజ్ఞంలో అజమంటే ధాన్యబీజమా, మేకయా అని ఋషులకూ దేవతలకూ వివాదం వచ్చినప్పుడు వసువు దేవతల పక్షం వహించి పశువధను సమర్థించాడు. ఋషిశాపంతో భూవివరంలో పడ్డాడు. చివరికి నారాయణుని ఆజ్ఞతో గరుడుడే వచ్చి అతనిని ఉద్ధరించాడు. బౌద్ధ వాఙ్మయంలోనూ వసువు పశువధను సమర్థించి భూమిలోకి కుంగినవాడే. హింసను ధర్మమనవచ్చునా అన్న ప్రశ్న రెండు సంప్రదాయాలనూ సమానంగా వేధించింది. సముద్రం దాటి వెళ్ళినవి దేవతల పేర్లు మాత్రమే కాదు, ఆ ప్రశ్న కూడా వెళ్ళింది. ఒకే ప్రశ్నకు వారసులు కావడమే గాఢమైన బంధుత్వం.

తెలుగు యాత్రికునికి మరొక పరీక్ష ఉన్నది. ఈ ఆలయం తెందై శాఖకు చెందినది. ఆ శాఖ తన గురుపరంపరలో ఆదిగురువుగా స్మరించేది ఆచార్య నాగార్జునుని. శాతవాహన రాజుకు హితబోధగా సుహృల్లేఖ రచించాడని, కృష్ణాతీరంలో నివసించాడని సంప్రదాయం చెప్పే నాగార్జునుడే అతడు. ఆ కృష్ణాతీరంలోనే అమరావతి మహాస్తూపానికి ఏ గతి పట్టింది? 18వ శతాబ్దం చివర దాని రాళ్ళు కొత్త కట్టడాలకు తరలిపోయాయి. శిల్పఫలకాలు కొన్ని సున్నానికి కాల్చబడ్డాయి. మిగిలిన శిల్పాలలో అధికభాగం నేడు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. క్యోటోలో దగ్ధమైన ఆలయాన్ని పదిహేడేళ్ళలో మళ్ళీ నిలబెట్టుకున్నారు. మంటల నుండి తప్పించిన విగ్రహాలను ఏడు వందల డెబ్బై ఏళ్ళకు పైగా కాపాడుకుంటూ వచ్చారు. "మనది" అనే పదానికి అధికారం పుట్టుకతో రాదు, పోషణతో వస్తుంది.

కనుక హిందూ యాత్రికుడు ఆ మండపంలో ఇంద్రుని, గరుడుని చూసి తప్పక ఆనందించాలి. ఆ తరువాత వారు ఎవరికి పరివారంగా నిలిచి ఉన్నారో ఆ మూలమూర్తి ఎదుటికి నడవాలి. సిద్ధాంతాన్ని అంగీకరించనవసరం లేదు. పరిచయాన్ని ప్రకటించనవసరం అంతకన్నా లేదు. అతిథిగా చేతులు జోడించి, ఒక్క క్షణం మౌనంగా నిలబడితే చాలు. తిరిగి వచ్చిన తరువాత ఒకనాడు అమరావతికి వెళ్ళి, శిథిలమైన ఆ స్తూపపీఠం చుట్టూ కూడా ఒకసారి నడిస్తే ఆ యాత్ర సంపూర్ణమవుతుంది.