ఉపవాస ప్రార్థనలు – షుగరు బిళ్ళలు

లెంటు దినాలలోను, శుక్రవారపు ఉపవాస కూడికలలోను షుగరు వ్యాధి ఉన్నవారు చాలామంది కూర్చుంటారు. పొద్దున్నే బిళ్ళ వేసుకొని సాయంత్రం వరకు ఏమీ తినరు. బిళ్ళ మానలేదు గదా, ఇంకేం భయం అనుకుంటారు. భయమంతా అక్కడే ఉంది.

షుగరు బిళ్ళలన్నీ ఒకటి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగరు మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అలా కాదు. ఇవి క్లోమ గ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మీరు భోంచేశారా, ఉపవాసమున్నారా అన్నది బిళ్ళకు తెలియదు. గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం రోజంతా ఉండవచ్చు. వయసు మళ్ళినవారిలో, మూత్రపిండాలు బలహీనమైనవారిలో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. చాలామందికి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన బిళ్ళ ఇస్తున్నారు గనుక, షీటు మీద పెద్ద అక్షరాల పేరు కాక కింద చిన్న అక్షరాలలోని మందు పేరు ఎవరిచేతనైనా చదివించుకోండి.

షుగరు 70 మి.గ్రా. కంటే తగ్గితే చెమటలు, వణుకు, గుండెదడ, ఆపైన మాట తడబాటు, మగత. ప్రార్థనలో ఒకరు చెమటతో వణుకుతుంటే పక్కవారు ఆత్మావేశమని ఊరుకోవచ్చు. ఉపవాసం చెడుతుందని ఆయనా చక్కెర అడగరు. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు నెమ్మదించకపోతే మళ్ళీ ఇచ్చి, తరువాత అన్నం పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. తేరుకున్నారు గదా అని ఒంటరిగా ఇంటికి పంపకండి, బిళ్ళ ప్రభావం ఉన్నంతసేపు షుగరు మళ్ళీ పడిపోవచ్చు.

ఈ బిళ్ళలు వేసుకొనేవారు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు. నా అభిప్రాయంలో ఈ మాట ఓపీ గదిలో కంటే పుల్పిట్ మీద నుండి రావడం మేలు. మేము చెబితే అల్పవిశ్వాసం అంటారు, అయ్యగారు చెబితే వింటారు. ఉపవాసమని సొంతంగా బిళ్ళలు మానేయడమూ ప్రమాదమే. రంజాను ఉపవాసాలకు మందుల మోతాదు ఎలా మార్చాలో వైద్యులకు అంతర్జాతీయ మార్గదర్శకాలే ఉన్నాయి, 2021లో వాటిని సవరించారు కూడా. లెంటుకు ముందు ఆ సంగతి అడిగే మనవారు తక్కువ.

తిండి మానలేని వారికి ఉపవాసం లేదా? యెషయా 58వ అధ్యాయం తీసి చదవండి, ఆకలిగొన్నవారికి ఆహారం పెట్టడం కూడా అందులో ఉంది.

భస్మ బుధవారానికి ముందే మీ బిళ్ళల షీట్లన్నీ తెచ్చి ఓపీలో చూపించండి.