బల్లి గ్లోవ్స్: మనిషిని మోస్తాయి, కానీ ఏ గోడ మీద?

'మిషన్ ఇంపాసిబుల్: ఘోస్ట్ ప్రోటోకాల్' (2011)లో టామ్ క్రూజ్ బుర్జ్ ఖలీఫా ఎక్కుతుంటే మధ్యలో ఓ గ్లోవ్ చేతులెత్తేస్తుంది. అది చూసిన చాలామందికి వచ్చే డౌటే: నిజంగా ఇలాంటివి మనిషి బరువు ఆపుతాయా?

ఆపుతాయి. 2014లోనే తేలిపోయింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ టీమ్ తయారుచేసిన ప్యాడ్లతో 70 కిలోల మనిషి నిలువు గాజు గోడను 3.7 మీటర్లు ఎక్కాడు. ఒక్కో చేతికి అతుక్కునే భాగం 140 చదరపు సెంటీమీటర్లే, దాదాపు అరచెయ్యంత!

బంక లేదు, వ్యాక్యూమ్ లేదు. బల్లి పాదాల కింది సూక్ష్మమైన వెంట్రుకల్లాగే ఇందులో సన్నని సిలికోన్ మొనలుంటాయి. కిందికి బరువు పడితే పట్టేస్తాయి, బరువు తీస్తే వదిలేస్తాయి. ప్యాడ్‌కి స్టాంపు సైజు ముక్కలు 24. బరువంతా ఒకే ముక్క మీద పడితే అది ఊడుతుంది, వెనకే మిగతావీ ఊడతాయి. అందుకే స్ప్రింగుల ద్వారా బరువును అన్నిటికీ సమానంగా పంచారు. నా దృష్టిలో అసలు గొప్పతనం ఆ పంపకంలోనే ఉంది.

అయితే ఆ రికార్డు శుభ్రమైన, నున్నటి గాజు మీద. మన అపార్ట్‌మెంట్ల గోడలు గరుకు సిమెంటు, పైగా దుమ్ము. అక్కడ ఆ మొనలకు ఆనుకునే చోటే దొరకదు. ఉడుంపట్టు గోళ్లది, గరుకు రాయి మీద పనిచేస్తుంది. ఇది బల్లి పట్టు, లెక్క వేరు.

కాబట్టి రేపెవరైనా 'గెక్కో గ్లోవ్స్' అమ్మకానికి పెడితే ఎన్ని కిలోలు మోస్తాయని మాత్రమే అడక్కండి. ఏ గోడ మీద, ఎంత దుమ్ములో అని అడగండి. జవాబు వచ్చినా సరే, నడుముకి తాడు లేకుండా ఎక్కొద్దు. ఫోన్ జారితే స్క్రీనే పగులుతుంది, ఇక్కడ జారేది మనం.