గాఢత లెక్క మన బిందెలోనే ఉంది



ద్రావణాల పాఠం అనగానే మన హాస్టల్ పిల్లల్లో చాలామంది సూత్రాలు బట్టీ పట్టి, మార్కులు వస్తే చాలనుకుంటారు. భార శాతం, మొలారిటీ, పీపీఎం అంటే ఎక్కడో పట్నం ప్రయోగశాలల మాటలనుకుంటారు. నిజానికి ఈ లెక్కలు అందరికంటే ముందు మనకే కావాలి. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి వైపు తాగే బోరు నీరే ఒక ద్రావణం. చాలాచోట్ల అందులో కరిగి ఉన్న ద్రావితం ఫ్లోరైడ్.

ఇది కొత్త సంగతేమీ కాదు. అప్పటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లాలో జనం ఎముకలు బిగుసుకుపోవడానికి కారణం ఫ్లోరైడేనని షార్ట్ తదితర వైద్య పరిశోధకులు 1937లోనే ప్రకటించారు. మన పొరుగునున్న పొదిలి, కనిగిరి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోనివే. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మనతో కలిశాయి.

ఇక లెక్కలోకి వద్దాం. లీటరు నీరు దాదాపు ఒక కిలో, అంటే 10 లక్షల మిల్లీగ్రాములు. కనుక లీటరులో 1 మిల్లీగ్రాము ఉంటే అది 1 పీపీఎం. మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ 1 పీపీఎం మించరాదు. వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు. ఒక బోరులో 3 పీపీఎం ఉందనుకుందాం. ఎండాకాలంలో రోజుకు 3 లీటర్లు తాగే పిల్లవాడి ఒంట్లోకి 9 మిల్లీగ్రాములు పోతుంది. చూడటానికి చిటికెడు కూడా కాదు. కానీ ఏళ్ల తరబడి పోతే ముందు పళ్ల మీద చారలు, ఆ తర్వాత కీళ్ల నొప్పులు. ఆ చారలు చూసి "పళ్లు తోముకోవా?" అని తోటివారిని వెక్కిరించేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చేసి చూడాలి. ఆ పళ్లు చిగురు లోపల తయారవుతున్నప్పుడే మచ్చపడ్డాయి. ఎంత తోమినా పోవు.

నీళ్లు కాచి తాగితే సరిపోతుందని మన పెద్దలు అంటారు. కాచితే క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్ మాత్రం ఆవిరై పోదు. 2 పీపీఎం ఉన్న 10 లీటర్లలో 20 మిల్లీగ్రాములుంటుంది. మరిగి 8 లీటర్లయితే ఆ 20 అలాగే ఉంటుంది. గాఢత 2.5కు పెరుగుతుంది! అదే శుభ్రంగా పట్టిన వాన నీరు కలిపితే తగ్గుతుంది. 3 పీపీఎం నీరు 20 లీటర్లుంటే అందులో 60 మిల్లీగ్రాములు. దాన్ని 1 పీపీఎంకు దించాలంటే మొత్తం 60 లీటర్లు కావాలి, అంటే 40 లీటర్ల వాన నీరు. మీరు వల్లెవేసే విలీనం సూత్రం ఇదే.

పిల్లలు లెక్కలు చేస్తే మంచినీళ్లు వస్తాయా, అది ప్రభుత్వం పని కదా అని కొందరు అనవచ్చు. ప్రభుత్వం పనే. కానీ అంకె తెలిసినవాడు అడిగే తీరు వేరు. "నీళ్లు బాగాలేవు సార్" అన్న అర్జీకి "చూద్దాం" అన్న జవాబు వస్తుంది. "మా బోరులో ఇంత ఉంది, ఉండవలసింది ఇంత" అని రాస్తే దాటవేయడం కష్టం.

అందుకే నా సూచన ఒక్కటే. ఏటా రెండుసార్లు, ఎండాకాలంలోనూ వానల తర్వాతా, మన హాస్టల్ నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. క్యాన్ల నీటినీ వదలవద్దు. వార్డెన్ గారు అనుమతిస్తే పై తరగతి పిల్లలే నమూనా తీసుకెళ్లగలరు. దారి ఖర్చులు పూర్వ విద్యార్థులం భరించలేమా? వచ్చిన అంకెను మన మార్కాపురం పలక మీద సుద్దముక్కతో రాసి కుళాయి పక్కన వేలాడదీయాలి. ఆ అంకెతో ప్రతి విద్యార్థీ తాను రోజూ తాగే ఫ్లోరైడ్ ఎంతో లెక్కగట్టాలి. అప్పుడు ద్రావణాల పాఠాన్ని ఎవరూ బట్టీ పట్టనక్కరలేదు.