బిగిస్తే సరిపోదు.. పనిచేయాలి
పొగను పసిగట్టే పరికరాలపై పట్టింపు కరవు

హైదరాబాద్ పాతబస్తీలోని గుల్జార్ హౌజ్ వద్ద 2025 మే 18న జరిగిన అగ్నిప్రమాదం 17 మందిని బలిగొంది. వారిలో ఎక్కువ మంది పొగకు ఊపిరాడక ప్రాణాలు విడిచారు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురి మృతికీ పొగే కారణమైంది. మంట కంటే ముందు పొగే చంపుతుందని ఈ రెండు దుర్ఘటనలు చాటుతున్నాయి. నిద్రలో ఉన్నవారిని పొగ వాసన లేపుతుందన్న నమ్మకం లేదు. ఆ పని చేయగలిగేది స్మోక్ డిటెక్టర్ మోత ఒక్కటే. అయితే దాన్ని బిగించిన రోజుతోనే బాధ్యత తీరిందని భావించడం అసలు ముప్పు.

కనిపించని విషం
కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజరు, తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి, ఇంట్లో నడిపే జనరేటరు దీనికి మూలాలు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. తలనొప్పి, వికారంతో మొదలై స్పృహ తప్పిస్తుంది. వంటగ్యాస్ లీకును తెలిపే అలారం దీన్ని గుర్తించదు. దీనికి వేరే పరికరం కావాలి.

ఇవీ జాగ్రత్తలు
* నెలకోసారి టెస్ట్ మీట నొక్కి మోత వినాలి.
* బ్యాటరీ మార్చే వీలున్న వాటిలో ఏడాదికోసారి కొత్తది వేయాలి. ఉండుండి 'కీచు'మంటే బ్యాటరీ అయిపోవస్తోందని అర్థం. విసుగుతో దాన్ని ఊడదీసి పక్కన పెట్టడం ప్రమాదకరం.
* దుమ్ము, సాలెగూళ్లు తరచూ తుడవాలి. గోడలకు రంగులు వేసేటప్పుడు పరికరంపై పడనీయరాదు.
* పోపు పొగకే మోగుతుంటే, పొయ్యికి కనీసం మూడు మీటర్ల దూరానికి జరపాలి.
* స్మోక్ డిటెక్టర్‌ను పదేళ్లకు మార్చాలి. కార్బన్ మోనాక్సైడ్ పరికరానికి తయారీదారు ముద్రించిన గడువే ప్రమాణం.

ఎవరి బాధ్యత?
సొంత ఇంట్లో యజమానే చూసుకోవాలి. అపార్ట్‌మెంట్లలోనే చిక్కు. లిఫ్టు ఆగినా, నీటి మోటారు కాలినా గంటలోనే అందరికీ తెలుస్తుంది. అలారం ప్యానెల్ మూగబోయిన సంగతి మాత్రం ప్రమాదం జరిగే వరకు తెలియదు. అందుకే సంఘాల నెలవారీ ఖర్చులో దాని నిర్వహణకూ పద్దు ఉండాలి, తనిఖీ తేదీని నోటీసు బోర్డుపై రాయాలి. మోత వినగానే ఇంట్లోవారంతా బయటికి వచ్చాకే 101కు ఫోన్ చేయాలి. బిగించినా మోగని పరికరం వల్ల కలిగేది భద్రత కాదు, ఉత్త ధీమా.