బీటా పరీక్షకు పలాస చేతులు కావాలి

సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసినవారే తమ గదిలో పరీక్షించుకుంటే అది ఆల్ఫా దశ. పెద్ద లోపాలు సర్దుకున్నాక కొందరు బయటివారికిచ్చి వాడించి చూసేది బీటా దశ. ప్రోగ్రామరుకు ఎన్నాళ్లకూ తట్టని చిక్కు వాడుకరికి మొదటిరోజే ఎదురవుతుంది. అతని చేతిలో ఉండేది పాత ఫోను, సగంలో పోయే సిగ్నలు మరి. గూగుల్ 2004 ఏప్రిల్ 1న జీమెయిల్‌ను బీటాగా విడుదల చేసి 2009 జూలై దాకా ఆ ముద్ర తీయలేదు. కోట్లమంది వాడుతున్నదాన్ని ఐదేళ్లపాటు బీటా అనడం కొంత వేళాకోళమే. అయినా అది నచ్చనివారు తమ పాత మెయిల్‌తోనే ఉండిపోగలిగారు. ఇష్టపడినవారే పరీక్షకు రావాలి, యాప్ మొరాయిస్తే పాత పద్ధతి చెల్లాలి. బీటా న్యాయమంతా ఇంతే.

ప్రభుత్వ యంత్రాలు, యాప్‌ల దగ్గర ఈ న్యాయం తప్పుతోంది. ఆంధ్రప్రదేశ్ రేషన్ డిపోల్లోకి 2015లో ఈ-పోస్ యంత్రాలు వచ్చాయి. వేలిముద్ర ఆధార్‌తో సరిపోలితేనే సరుకులు. అది అందరి వేళ్లకూ కుదరదు. శ్రీకాకుళం జిల్లా పలాస-కాశీబుగ్గ పరిశ్రమల్లో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే పని ఎక్కువగా ఆడవాళ్లదే. పిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. బూడిద అద్దుకుని కూర్చున్నా, ఏళ్ల తరబడి ఆ పని చేసిన వేళ్లమీద గీతలు అరిగిపోతాయి. వేలు తుడిచి పెట్టినా, తడిచేసి పెట్టినా, మరో వేలు మార్చినా యంత్రం ఒప్పుకునేది కాదు. తర్వాత కంటిపాప స్కానర్లు చేర్చారు, వేలిముద్ర పడనివారికి వీఆర్వో ధ్రువీకరణతో సరుకులిచ్చే వీలు కల్పించారు. మంచి సవరణలే. కానీ పరీక్ష దశలో పదిమంది జీడి కార్మికులను పిలిచి వేలు పెట్టించి ఉంటే ఈ సంగతి ఒక్కపూటలో తేలిపోయేది.

ఉపాధి హామీ హాజరు యాప్ ఎన్ఎంఎంఎస్‌ది మరో కథ. దానికి ప్రయోగ దశ లేకపోలేదు. 2021 మేలో మొదలై, 2022 మే 16 నుంచి 20 మందీ ఆపైన పనిచేసే చోట్ల, 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనులకూ తప్పనిసరైంది. రోజుకు రెండుసార్లు, పనిచోట కూలీలను చూసుకునే మేటు వేతనదారుల ఫొటో తీసి ఎక్కించాలి. శ్రీకాకుళం వేసవిలో తెల్లవారకముందే పనికి దిగి, ఎండ ముదిరేలోగా ఇల్లు చేరడం అలవాటు. కొలత ప్రకారం మట్టి తీసేసినా రెండో ఫొటో వేళ దాకా గట్టున కూర్చోవాల్సిందే. సిగ్నలు లేక ఫొటో ఎక్కకపోతే పోయేది ప్రోగ్రామరు జీతం కాదు, వేతనదారు కూలి. 2023లో ఢిల్లీ జంతర్ మంతర్ వద్ద ఉపాధి కూలీలు సాగించిన ధర్నాలో ఈ యాప్ రద్దు ఒక ప్రధాన డిమాండు. పోనీ, యాప్ ఆపాల్సిన హాజరు అక్రమాలైనా ఆగాయా అంటే, పనికి సంబంధంలేని ఫొటోలు, ఫొటోకు తీసిన ఫొటోలు ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. వాడుకరి లోపాన్నే కాదు, లొసుగునూ కనిపెడతాడు. ఆ రెండూ బయటపడేదాకా ప్రయోగం ముగిసినట్టు కాదు.

అలాంటి ప్రయోగానికి సోంపేట మండలం సరిపోతుంది. మహేంద్రతనయ గట్లు, బీల చిత్తడి నేలలు, కొబ్బరి తోటలు, అన్నీ అక్కడే ఉన్నాయి, ఒడిశా సరిహద్దూ ఎంతో దూరం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక, సోంపేట ఉన్న ఉద్దానం ప్రాంతపు ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. నెట్ లేనప్పుడు యాప్ ఏంచేస్తుందో ఇలాంటి చోట ఒక వేసవి, ఒక తుపాను కాలం నడిపి చూడాలి. అన్నాళ్లూ కాగితం మస్టరు ప్రకారమే కూలి పడాలి. ఇప్పుడు మేటు గమనించిన లోపం ఊళ్లో ఫీల్డ్ అసిస్టెంటు, మండలంలో ఏపీవో, జిల్లాలో ప్రాజెక్టు డైరెక్టరు (పీడీ)లను దాటి యాప్ తయారీదారుల దాకా వెళ్లాలి. దారిలో అది ‘సర్వర్ సమస్య’ అన్న రెండు మాటలకు కుదించుకుపోతుంది. మేటు తెలుగులో నోటితో చెబితే నేరుగా తయారీదారులకు చేరే ఏర్పాటు యాప్‌లోనే ఉండాలి. వచ్చిన ఫిర్యాదుల్లో ఏవి సరిచేశారో, ఏవి మిగిలాయో కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మండల పరిషత్ కార్యాలయం నోటీసు బోర్డుమీద అంటించాలి.