రక్కసి రూపం: రంగుపూత, కంప్యూటరు మాయ

కాగడాపై గుగ్గిలం పొడి చల్లగానే మంట భగ్గున లేస్తుంది. ఆ వెలుగులో, ఇద్దరు పట్టుకొన్న తెర వెనుక నుండి అర్దళం పూసిన ముఖంతో, తేలికైన చెక్కతో చేసిన కిరీటంతో, భుజకీర్తులతో హిరణ్యకశిపుడు వెలువడుతాడు. తెలంగాణ పల్లెల్లో చిందు భాగోతం చూసి పెరిగిన తరాలకు భయానక రసం పరిచయమైన తీరు ఇది. ముందు వరుసలోని పిల్లలు తల్లి కొంగు చాటుకు చేరేవారు. ఆ రాక్షసుడు పగటిపూట తమ వీధిలో కనిపించిన మనిషేనని వారికి తెలుసు. తెలిసీ భయపడేవారు.

నారాయణఖేడ్ ప్రాంతంలోని మనూరులో నేటి ఇంటర్మీడియట్ విద్యార్థి చేతిలో ఫోను ఉంది. ఆ ఊరు 2016లో సంగారెడ్డి జిల్లాలో చేరింది; అంతకు పూర్వం మెదక్ జిల్లాది. ఆ ఫోనులో ప్రపంచంలోని భూతప్రేత పిశాచాలన్నీ కొలువుదీరి ఉన్నాయి. పది కోరలు, నూరు చేతులు గల వికృతాకారాన్ని సైతం అతడు రెప్ప వాల్చకుండా చూసి, వేలితో పక్కకు తోసివేయగలడు. రూపం భీకరమైనకొద్దీ భయం ఎందుకు పలుచబడుతున్నదో ఆలోచింపదగిన విషయం.

రంగస్థలంపై లేనిదాన్ని ఉన్నట్లు చూపే విద్య మనకు కొత్తది కాదు. భరతముని నాట్యశాస్త్రంలో అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించాడు. వేషభూషలతో పాటు కృత్రిమ వస్తు నిర్మాణాన్ని కూడ ఆహార్యంలో చేర్చి, దానికి 'పుస్తం' అని పేరు పెట్టాడు. వెదురు, చర్మం, వస్త్రం మొదలైనవాటిని జతచేసి రూపొందించేది ఒక రకం. యంత్రంతో కదిలేది మరొక రకం. వస్త్రాదులను చుట్టి తయారుచేసేది ఇంకొకటి. నేడు సినిమావారు రబ్బరు ముఖాలు, కదిలే బొమ్మలు, నమూనా కట్టడాలు అంటున్నవి ఈ పుస్తానికి మునిమనుమలే.

తెలుగు సినిమా ఈ విద్యలో ఎంతటి శిఖరాన్ని అందుకొన్నదో 1957లో వచ్చిన 'మాయాబజార్' చెబుతుంది. కె.వి. రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం, గోఖలే, కళాధర్‌ల కళా నైపుణ్యం ఒకచోట చేరిన చిత్రమది. ఘటోత్కచుని పాత్రలో ఎస్.వి. రంగారావు వివాహ భోజనం ముందు కూర్చోగా లడ్డూలు వాటంతట అవే ఎగిరివచ్చి నోట పడతాయి. ఆనాడు కంప్యూటరు లేదు. ఉన్నవి కెమెరా కిటుకులు, చేతి పనితనం, అన్నింటికీ మించి రంగారావు కన్నులు. ఆ రాక్షసుని చూసి పిల్లలు జడుసుకొన్నారు, వెంటనే నవ్వుకొన్నారు కూడ. 1951 నాటి 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడు భయపెట్టడానికి ఆ గడ్డం, ఆ నడక, ఆ గొంతు సరిపోయాయి.

జానపద బ్రహ్మగా పేరొందిన విఠలాచార్య చిత్రాల అస్థిపంజరాలను నేటివారు చూసి నవ్వవచ్చు. నవ్వనివ్వండి. కొద్దిపాటి ఖర్చుతో ఆయన దెయ్యాలను వంటింటి దాకా తెచ్చాడు. ఇంటి పనులు చేసే దెయ్యం, శూన్యంలో పోరాడే దెయ్యం కంటె ఎక్కువ గుర్తుండిపోయింది.

తెలుగులో కంప్యూటరు గ్రాఫిక్స్‌ను విస్తారంగా వాడిన తొలి చిత్రాలలో కోడి రామకృష్ణ దర్శకత్వంలో 1995లో వచ్చిన 'అమ్మోరు' ఒకటి. ఆనాటి ప్రేక్షకులకు అది నిజంగా అద్భుతమే. అదే దర్శకుని 'అరుంధతి' 2009లో వచ్చింది. అందులోనూ గ్రాఫిక్స్‌కు కొదువ లేదు. అయినా ఆ చిత్రం పేరెత్తగానే ప్రేక్షకులకు జ్ఞాపకం వచ్చేది పశుపతి ముఖం మీది అలంకరణ, సోనూ సూద్ దేహభాష, ఆ పాత్రకు రవిశంకర్ ఇచ్చిన గంభీరమైన గొంతు. అనగా భరతుడు చెప్పిన ఆహార్యం, ఆంగికం, వాచికం! ఇక 1992లో రామ్‌గోపాల్ వర్మ తీసిన 'రాత్రి' మరీ విచిత్రమైనది. అది రక్కసి రూపాన్ని నమ్ముకోలేదు. ఖాళీ మెట్లు, కదిలే కెమెరా, శబ్దం ప్రేక్షకుని కుర్చీకి అతికించివేశాయి.

పాశ్చాత్యుల అనుభవం కూడ ఇదే. 1975 నాటి 'జాస్' చిత్రానికి తయారుచేసిన యంత్రపు సొరచేప ఉప్పునీటిలో పదేపదే మొరాయించింది. గత్యంతరం లేక దర్శకుడు స్పీల్‌బర్గ్ దాన్ని చాలాసేపు చూపకుండానే కథ నడిపాడు. కనబడని సొరచేపే ఎక్కువ భయపెట్టింది. ఆయనే 1993లో 'జురాసిక్ పార్క్'లో స్టాన్ విన్‌స్టన్ బృందం నిర్మించిన భారీ యంత్ర డైనోసారును, కంప్యూటరు బొమ్మను పక్కపక్కన వాడుకొన్నాడు. కారు అద్దానికి ముక్కు ఆనించిన జంతువు ఎదుట నిజంగా ఉన్నందువల్ల ఆ భయం తెరపైకి సహజంగా వచ్చింది. 2011లో వచ్చిన 'ది థింగ్' చిత్రం మాత్రం విరుద్ధ మార్గం పట్టింది. కళాకారులు చేతితో తయారుచేసిన వికృత రూపాలలో అధిక భాగాన్ని తరువాత కంప్యూటరు బొమ్మలతో కప్పివేశారు. 1982 నాటి అదే పేరు గల చిత్రంలో రాబ్ బాటిన్ రబ్బరుతో, జిగురుతో కల్పించిన జుగుప్స ఇందులో కనిపించదు.

అట్లని కంప్యూటరును నిందించడం న్యాయం కాదు. 2012 నాటి రాజమౌళి చిత్రం 'ఈగ'లో కథానాయకుడైన ఈగ కంప్యూటరు సృష్టి. ఆ చిత్రానికి ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ పురస్కారం లభించింది. అదే ఏడాది వచ్చిన 'లైఫ్ ఆఫ్ పై'లోని పులి చాలా దృశ్యాలలో కంప్యూటరు కల్పనయే. కాని కళాకారులు నిజమైన పులులను ఎదుట పెట్టుకొని వాటి కదలికలను అధ్యయనం చేశారు. ఈగనైనా పులినైనా మనం చూసి ఉన్నాము. బొమ్మ ఎక్కడ తప్పిందో, ఎక్కడ సరిపోయిందో మన కన్నుకు తెలుసు. ఎవరూ చూడని పిశాచానికి ఆ కొలబద్ద లేదు. అందుచేతనే నటుని ఎదుట ఏదో ఒకటి, కనీసం మట్టితో చేసిన ముఖమైనా ఉండవలసిన అవసరం పిశాచం విషయంలో మరింత ఎక్కువ. తీగలను చెరపడానికి, అతుకులను మూయడానికి కంప్యూటరును మించిన పనివాడు లేడు. రక్కసిని మొదలంటా దానికే అప్పగించడమే చిక్కు.

ఆ పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాదులోనూ శాఖ ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా ప్రకటించింది. అదే నెలలో ఆ చిత్రానికి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కారు వచ్చింది. ఇటు అర్దళం నూరే చిందు కళాకారునికీ, అటు తెర ముందు రాత్రింబవళ్లు కూర్చొనే యువకునికీ బతుకు భద్రత అంతంతే. వీరిద్దరినీ పోటీదారులుగా చూడడం పొరపాటు.

మనూరు నుండి హైదరాబాదుకు యానిమేషన్ కోర్సు చదవడానికి వెళ్లే విద్యార్థికి మొదటి రోజే పరదేశపు డ్రాగన్ బొమ్మ ఇచ్చి రంగులు వేయమనడం కంటె, కిరీటం చెక్కే చిందు కళాకారుణ్ణి ఒక పూట ఆ తరగతికి పిలిచి, హిరణ్యకశిపుని కనుబొమ ఎందుకు అంత లావుగా దిద్దుతారో చెప్పించుకోవడం మేలు. ఆ ఒక పూటకు ఆయనకు తగిన పారితోషికం కూడ ఇవ్వాలి.