వెనుక “హైబ్రిడ్” అని వ్రాసియున్న బండి

మా సెకండ్ హ్యాండ్ కారు వెనుక భాగమున హైబ్రిడ్ అనే మాట ఉన్నందున సంఘములో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “బ్రదర్, ఇది కరెంటుతో నడుస్తదా?” నడవదు. ఈ ఒక్క సంగతి తెలియక, చిట్టీ ఎత్తి తెచ్చిన సొమ్ము పెట్టబోయే కుటుంబములు మన మధ్య ఉన్నవి గనుక ఈ నెల దీని గురించే వ్రాస్తున్నాము.

మాది 2019 నాటి ఎర్టిగా, పెట్రోలు బండి. ఏడుగురు కూర్చోవచ్చును, ఆదివారము తొమ్మిదిమంది ఎక్కబోతారు, అది వేరే సంగతి. ఇందులో మామూలు బ్యాటరీతోపాటు ముందు సీటు క్రింద చిన్న లిథియం బ్యాటరీ ఉంటుంది. వేగము తగ్గించేటప్పుడు వృథాగా పోయే శక్తితో అది చార్జి అవుతుంది. సిగ్నలు దగ్గర న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ వదిలితే ఇంజను ఆగుతుంది, మళ్లీ తొక్కగానే లేస్తుంది. కదిలేటప్పుడు ఇంజనుకు కొంచెము చేయూతనిస్తుంది. అంతే. పెట్రోలు అయిపోతే బ్యాటరీ మీద ఇల్లు చేరలేము.

బ్యాటరీ మీదనే కొంత దూరము వెళ్లగల హైబ్రిడ్లు వేరు. 2022లో వచ్చిన గ్రాండ్ విటారా, హైరైడర్, హోండా సిటీలలో ఆ రకము ఉన్నది. వాటిలోను అన్ని మోడళ్లూ అట్టివి కావు, అడిగి తెలుసుకోవలెను. ఈ తేడాను ప్రభుత్వము కూడ గుర్తించింది. 2015లో ఎలక్ట్రిక్ వాహనముల పథకము క్రింద చిన్న హైబ్రిడ్లకు ఇచ్చిన రాయితీని 2017 ఏప్రిల్ నుండి తీసివేసింది. మధ్యవర్తి మాత్రము రెండింటికీ ఒకటే పేరు చెప్పి, ఒకటే ధర పలుకుతాడు.

మరి ఆదా ఉన్నదా అంటే, తిరిగే దారినిబట్టి ఉన్నది. నాగారం నుండి ఇ.సి.ఐ.ఎల్., రాధిక చౌరస్తా మీదుగా రోజూ పోయేవారికి ఆగి ఆగి పోవడమే గనుక కొంత పెట్రోలు మిగులుతుంది. కీసర దాటి ఊళ్లకు పోయేవారికి, రింగు రోడ్డు ఎక్కేవారికి ఆగే పనే తక్కువ, కాబట్టి లాభమూ తక్కువ. మే నెలలో ఇంజను ఆగితే ఏ.సి. చల్లదనము పోతుంది; వెనుక సీటులో అమ్మమ్మలుంటే ఆ వ్యవస్థను బటను నొక్కి ఆపివేయవలసిందే. మేము చాలా వేసవి దినములు అట్లే నడుపుతాము.

కొనేముందు బండిని బాగా వేడెక్కనిచ్చి, ఏ.సి. తగ్గించి, నాలుగు చోట్ల ఆపి చూడండి. ఇంజను ఒక్కసారి కూడ దానంతటది ఆగకపోతే బ్యాటరీలలో దేనికో పరీక్ష అవసరము. లిథియం బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుందో సర్వీసు సెంటరులో ముందే అడిగి, ఆ మొత్తమును మనసులో ఉంచుకొని బేరమాడండి. పెద్ద హైబ్రిడ్ అయితే బ్యాటరీ వారంటీ ఎన్నాళ్లు మిగిలిందో, రెండవ యజమానికి వర్తిస్తుందో కాగితము మీద చూడండి.

ఇంకొకటి, మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచేది. 2020 అక్టోబరు వరదలలో హైదరాబాదులో ఎన్నో కార్లు నీట మునిగినవి. కడిగి, తుడిచి అమ్మితే పైకి తెలియదు. సీటు క్రిందనే బ్యాటరీ ఉన్న బండికి ఆ నీరు మరీ చెరుపు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగమున బురద చార ఉండిపోతుంది. సీటు పట్టాల తుప్పు, మ్యాట్ల క్రింద వాసన కూడ చూడండి. అమ్మేవాడు మన సంఘస్థుడే అయినను చూడండి, అతడు నొచ్చుకోనక్కరలేదు.

మా బండి అమ్మే రోజు వచ్చినప్పుడు, కరెంటుతో నడవదని కొనేవారికి అడ్వాన్సు తీసుకోకముందే చెప్పవలెనని ఇంట్లో అనుకున్నాము. దానివలన ధర కొంత తగ్గవచ్చును, తగ్గనీయండి. కాగితముల సంగతి: ఫారము 29, 30 సంతకములు అయినవని ఊరుకోక, ఆర్.సి. మీ పేరున మారేవరకు వెంటబడండి. బండిమీద అప్పు ఉంటే ఫారము 35తో పాటు బ్యాంకువారి పత్రము చేతికి వచ్చిన తరువాతనే మిగతా సొమ్ము ఇవ్వండి.